పంతొమ్మిదో నంబరు

1996 నవంబరు 6, బుధవారం. నీకు పదిహేనేళ్లు.

కాట్రేనికోన మండలంలో ఒక హైస్కూలు. పదో తరగతి గది, కిటికీ పక్క రెండో బెంచీ. నీ మోచేయి పక్కవాడి మోచేతికి తగులుతోంది. వాడి చొక్కా తడిగా ఉంది. పొద్దున్న పడవలో రేవు దాటేటప్పుడు జల్లు కొట్టింది. ఆ గుడ్డలోంచి వల వాసన, ఉప్పు వాసన వస్తున్నాయి. నీకవి అలవాటే. ఆరో తరగతి నుంచీ వాడి పక్కనే కూచుంటున్నావు.

వాడి పేరు నేను చెప్పను. ఆ రాత్రి కోనసీమ తీరంలో పోయిన బడిపిల్లలు ఒకరా, ఇద్దరా? నీకు తెలిసిన పేరేదైనా పెట్టుకో. నీ బెంచీలోంచి లేచి వెళ్లి మళ్లీ రానివాడు ఎవడైనా ఉంటే, వాడి పేరే పెట్టుకో. హాజరు పట్టీలో వాడిది పంతొమ్మిదో నంబరు. నీది ఇరవై.

లెక్కల మాస్టారు బోర్డు మీద శ్రేఢులు చెప్తున్నారు. వాడు వినట్లేదు. బెంచీ కింద పాత చీర గుడ్డ చింపుతున్నాడు. ఆదివారం దీపావళి. ఉప్పుపొట్లాలు కట్టాలి. బొగ్గుపొడి, ఉప్పు కలిపి గుడ్డలో చుట్టి, చీల్చిన తాటిమట్ట మధ్య బిగించి, నిప్పు పెట్టి, తాడుతో తల చుట్టూ గిరగిరా తిప్పాలి. అప్పుడు రవ్వలు చుట్టూ గిరిగీస్తాయి. నీ పొట్లం ఏటా రెండు చుట్లకే ఊడిపోతుంది. వాడిది ఆఖరి రవ్వ దాకా ఉంటుంది. వలలు అల్లే ఇంట్లో పుట్టినవాడి ముడి అది.

"ఆ ముడి నాకూ నేర్పరా."

"నీవల్ల కాదులే" అంటాడు, తలెత్తకుండా.

ప్యూను కాగితం పట్టుకుని వస్తాడు. మాస్టారు చదివి, చాక్‌పీసు బల్ల మీద పెట్టేస్తారు. తుపాను హెచ్చరిక. మధ్యాహ్నం నుంచి బడి లేదు. వెనక బెంచీల్లోంచి ఈల. నువ్వూ సంచీ సర్దేస్తావు.

భయమా? ఎందుకు? ఏటా ఈ నెలల్లో రేడియో తుపాననే అంటుంది. ఇటు వస్తోందంటుంది, అటు తిరిగిందంటుంది, ఆఖరికి ఎక్కడో దాటిందంటుంది. పెద్దవాళ్లు మాత్రం 1977 నవంబరు 19 మాట ఎత్తుతారు. దివిసీమ ఉప్పెన. వేలమంది పోయారు. కానీ అది కృష్ణ ఒడ్డు. మనది గోదావరి. గోదావరి పొంగితే చెప్పి పొంగుతుందని నీ చుట్టూ అందరి ధీమా.

రేవు దాకా ఇద్దరూ కలిసే నడుస్తారు. ఆకాశం పసుపుగా మారింది. కాకులు అరవడం లేదు. గాలి ఉత్తరం నుంచి వస్తోంది, ఒక్కో విసురుకి సంచీ వీపు మీంచి లేస్తోంది. రేవులో పడవ ఒక్కటే ఉంది. పడవవాడు తొందరపెడుతున్నాడు: "ఎక్కితే ఎక్కండెహె, మళ్లీ ఎయ్యను."

వాడి ఊరు బలుసుతిప్ప దిక్కున, సముద్రం కూతవేటులో, చుట్టూ నీళ్లున్న తిప్ప.

"ఒరేయ్, మా ఇంటికొచ్చెయ్. రేపు పొద్దున్నే ఎల్దువుగాని."

"అమ్మ ఒక్కత్తే ఉందిరా. నాన్న వేటకెళ్లాడు."

"పోనీ నేను రానా?"

వాడు నవ్వుతాడు. "మీ మామ్మ నన్ను చంపేద్ది."

పడవ కదులుతోంది. చొక్కా పట్టుకుని ఆపాలా? గట్టిగా ఇంకోసారి అడగాలా? ఆలోచించేలోపే వాడు గెంతి ఎక్కేస్తాడు. పడవ పాయ మధ్యకి పోయాక కూడా చెయ్యి ఊపడు. రేపు కలిసేవాళ్లు చేతులు ఊపుకోరు.

ఈ రేవు దగ్గర నువ్వు మనసులో చాలా ఏళ్లు నిలబడతావు. అందుకని ఒక్క మాట ఇప్పుడే వినెయ్యి. తల్లి ఒంటరిగా ఉన్న ఇంటికి కొడుకు వెళ్లాడు. ఆ మధ్యాహ్నానికి తెలిసినంతలో అది చెయ్యవలసిన పనే. ఇక్కడ నీ తప్పు వెతక్కు. ఇంటికి పద. చీకటి పడుతోంది.

*

సాయంత్రం అయిదు. వాన నిలువుగా పడటం మానేసింది. అడ్డంగా వచ్చి చెంప మీద గుచ్చుతోంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి వెళ్లిన నాన్న ఇంకా రాలేదు. ఇంట్లో అమ్మ, మామ్మ, చెల్లి, నువ్వు. తలుపు గడియ చాలడం లేదు. రుబ్బురోలు పొర్లించుకొచ్చి అడ్డం పెడతావు.

ఆరు. కరెంటు పోయింది. లాంతరు వెలిగిస్తే ఆరిపోతోంది. రేడియోలో మాట తెగి తెగి వస్తోంది. కాకినాడ అన్నారు. దక్షిణం అన్నారు. తర్వాత గరగర. కాకినాడకి దక్షిణం అంటే ఏ ఊరు? అమ్మ మొహం వైపు చూస్తావు. చీకట్లో మొహం కనపడదు. అడగక్కర్లేదు. కాకినాడకి దక్షిణం అంటే మనమే.

ఏడు దాటింది. పెరట్లో కొబ్బరిచెట్లు నేలకి వంగుతున్నాయి, లేస్తున్నాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న వంగడమే. కొబ్బరి వేళ్లు పీచులా వందలుగా అల్లుకుని మట్టిని పట్టుకుంటాయి, తేలిగ్గా వదలవు. తాత వేసిన చెట్లు. మీ అందరికీ తిండి పెట్టే చెట్లు.

ఒకటి వంగింది. లేవలేదు.

టప్.

ఇంకోటి. పశువుల పాక మీద పడింది. ఆవు ఒక్కసారే అరిచింది.

ఎనిమిది. నెత్తిన పెంకు ఒకటి లేచింది. ఆ కన్నంలోంచి గాలి లోపలికి దూరింది. ఇక వరసలకి వరసలే. పెంకులు లోపల పడుతున్నాయి, బయట పడుతున్నాయి. నలుగురూ మంచం కింద ఉన్నారు. చెల్లి నీ వేళ్లు కొరుకుతోంది. ఏడవడం మర్చిపోయింది. వాసాలు మూలుగుతున్నాయి. దూలం ఆగుతుందా? ఆగకపోతే ఎటు?

తొమ్మిది దాటాక, ఉన్నట్టుండి ఆగిపోతుంది.

పూర్తిగా. నీ ఊపిరి నీకు వినపడుతోంది. పైకి చూస్తే పెంకులు లేని కప్పులోంచి నక్షత్రం కనపడుతోంది. అమ్మ "హమ్మయ్య" అంటుంది. పక్కింట్లోంచి ఎవరో పిలుస్తున్నారు. జనం బయటికొస్తున్నారు.

మామ్మ లేచి నిలబడింది. "అయిపోయిందనుకుంటున్నారా? సగవే అయ్యింది. ఇప్పుడు దక్షిణం నించి తిరగబడద్ది. లెగండి."

"నీకెలా తెలుసు మామ్మా?"

"మా అమ్మ చెప్పింది. లెగు."

మామ్మ బడికెళ్లలేదు. కానీ ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తుపాను అంటే వందల కిలోమీటర్ల సుడి. దాని నడిబొడ్డున గాలి ఉండదు. దాన్నే కన్ను అంటారు. ఆ కన్ను ఇప్పుడు నీ ఇంటి మీద ఉంది. అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఇందాకటి దాకా ఉత్తరం గాలి నీళ్లని సముద్రంలోకి నెట్టింది. ఇక దక్షిణం గాలి ఆ సముద్రాన్ని ఊళ్ల మీదికి తోస్తుంది.

ఊళ్లో గట్టి డాబా బడి ఒక్కటే. మధ్యలో తోట, మురుగు కాలవ, కల్వర్టు. ఈ నిశ్శబ్దం ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలీదు. ఇంట్లో ఉంటే దూలం కింద పడొచ్చు. దారిలో ఉండగా గాలి తిరిగితే తోటే మీద పడుతుంది. ఉంటావా? వెళ్తావా?

చెల్లిని భుజం మీదికి ఎత్తుకుంటావు. అమ్మ మామ్మ చెయ్యి పట్టుకుంటుంది.

దారి లేదు. దారి ఉన్నచోట చెట్లు పడి ఉన్నాయి. ఒక మొద్దు ఎక్కి దిగుతావు. ఇంకో మొద్దు. కాలి కింద కొబ్బరికాయలు దొర్లుతున్నాయి. కరెంటు తీగ ఏదో కాలికి చుట్టుకుంది. విదిలించేశావు. తీగో, పామో చూడలేదు.

కాళ్లకి నీళ్లు తగిలాయి.

చీలమండ దాకా. కాలవ పొంగిందనుకుంటావు. పిక్కల దాకా. కాలు జారి ముందుకి తూలుతావు. నోట్లోకి నీళ్లు పోయాయి.

ఉప్పగా ఉన్నాయి.

వాన నీళ్లు ఉప్పగా ఉండవు.

"అమ్మా, పరుగెత్తు!"

మోకాళ్లు. కల్వర్టు ఎక్కడ? కనపడదు. కాలితో తడుముతావు. రాయి. అదే. అడుగు వెయ్యి. ఇంకోటి. చెల్లి మెడ బిగించేసింది. ఊపిరాడట్లేదు. వదలమనకు. వెనకాల మామ్మ దగ్గు. ఉంది. ఉన్నారు.

చెవులు గుయ్‌మన్నాయి. దక్షిణాన ఏదో మోత.

తొడలు.

గేటు. గేటు లేదు. స్తంభం ఉంది. పట్టుకో. అమ్మ చెయ్యి అందుకో. అందింది. లాగు.

మెట్లు.

గాలి తిరిగింది.

*

తెలిసిన గదే. పదో తరగతి. పొద్దున్న రాసిన శ్రేఢులు బోర్డు మీద ఇంకా ఉన్నాయని ఎవరి టార్చిలైటు వెలుగులోనో చూస్తావు. మనిషి మీద మనిషి. కిటికీకి బెంచీలు అడ్డం పెట్టి మగవాళ్లు వీపులు ఆనించి నిలబడ్డారు. నువ్వూ వీపు ఆనిస్తావు. ఒక్కో విసురుకి బెంచీ నీ నడుముని గుద్దుతోంది. మెట్ల మీద నీళ్లు పైకొస్తున్నాయా? ఒకాయన కాలితో కొలుస్తూ చెప్తున్నాడు. మూడో మెట్టు. మూడో మెట్టే. ఇంకా మూడో మెట్టే.

అప్పుడు గుర్తొస్తాడు. ఇక్కడే తొడల దాకా వచ్చాయి. తిప్ప మీద? అక్కడ డాబా లేదు. అన్నీ తాటాకిళ్లే. గాలి హోరులో ఆ లెక్క చెయ్యడం మొదలుపెడతావు. పూర్తి చెయ్యవు.

తెల్లారింది. మెట్లు దిగుతావు. ఊరు గుర్తుపట్టలేవు. చిన్నప్పటి నుంచీ నీకు ఊరంటే నెత్తిన ఆకుల నీడ. ఇప్పుడు నెత్తిన అంతా ఆకాశమే. తలలు లేని కొబ్బరి మొదళ్లు నిలబడి ఉన్నాయి. మిగతావన్నీ ఒకే దిక్కుకి తలపెట్టి పడుకున్నాయి. కోతకొచ్చిన సార్వా చేను బురదలో కలిసిపోయింది. బావిలో చేద వేస్తే ఉప్పునీళ్లు. రాలిన బొండాలు కొట్టుకుని తాగుతారు అందరూ. మధ్యాహ్నం హెలికాప్టర్ వస్తుంది. పొట్లాలు జారవిడుస్తుంది. ఒక పొట్లం నీ ముందు బురదలో పడి పగిలింది. పులిహోర. బురద తీసేసి చెల్లికి పెడతావు.

నాన్న నడుచుకుంటూ వచ్చాడు. దారి పొడుగునా చెట్ల మీంచి ఎక్కి దిగి వచ్చాడు. మిమ్మల్ని నలుగురినీ లెక్కపెట్టి బడి గోడకి చేరగిలబడ్డాడు.

ఆదివారం దీపావళి. ఎవరూ దీపం పెట్టలేదు.

ఎక్కడెక్కడి నుంచో పడవల్లో జనాన్ని తెచ్చి బడిలో దింపుతున్నారు. నువ్వు ప్రతి పడవ దగ్గరికీ పరుగెడతావు. ఒకదాంట్లోంచి వాళ్లమ్మ దిగింది. ఒక్కతే. అరచేతులు, మోచేతులు, మెడ కింద చర్మం చెక్కుకుపోయి ఉన్నాయి. కొబ్బరి మొదలు కావిలించుకుని రాత్రంతా గడిపిన వాళ్లందరికీ అలాగే ఉన్నాయి. ఆవిడ పక్కన వాడు లేడు. మీ పక్కనున్నావిడ ఎవరితోనో మెల్లగా చెప్తోంది: ఇద్దరూ ఒకే చెట్టు పట్టుకున్నారట. నీళ్లు రెండోసారి లేచినప్పుడు ఒక్కరే మిగిలారట. వేటకెళ్లిన తండ్రి బోటూ తిరిగి రాలేదు. అలా సముద్రం మీదే ఉండిపోయిన బోట్లు చాలా ఉన్నాయి.

బలుసుతిప్ప, భైరవపాలెం వైపు ఉప్పెన రెండు నుంచి మూడు మీటర్ల ఎత్తున వచ్చిందని తర్వాత వాతావరణ శాఖ లెక్క తేలుస్తుంది. నీకు మీటర్లతో పనిలేదు. వాడు నీకన్నా పొట్టి. నీకు అయిదడుగులు.

పేపర్లు వస్తాయి. చచ్చిపోయినవాళ్లు వెయ్యి దాటారంటాయి. దెబ్బతిన్న ఇళ్లు ఆరు లక్షల పైనంటాయి. ప్రధాని దేవెగౌడ, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఆ వెయ్యిలో వాడున్నాడా? శవం దొరకనివాణ్ని ఎందులో కలుపుతారు? మడ అడవుల్లో ఇంకా వెతుకుతున్నారు. ఎవరినని అడుగుతావు?

ఆవిడని మీ తరగతి గదిలోనే ఉంచారు. కిటికీ పక్క రెండో బెంచీకి ఆనుకుని నేల మీద కూచుంది. ఆ బెంచీ ఎవరిదో ఆవిడకి తెలీదు. నీకు తెలుసు. చెప్తావా? గుమ్మం దగ్గర నిలబడ్డావు. నాలుక కదల్లేదు. మంచినీళ్ల చెంబు ఆవిడ పక్కన పెట్టి వచ్చేశావు.

*

శిబిరం ఎత్తేశారు. గదులు కడిగారు. బడి మొదలైంది.

మాస్టారు హాజరు పట్టీ తెరిచారు. పద్దెనిమిది. "ప్రెజెంట్ సార్." తర్వాత ఆగారు. పంతొమ్మిది అనలేదు. పట్టీలో ఏదో రాశారు. పక్కకి వంగి చూస్తావు. "ఎ". ఆబ్సెంట్. రోజూ అంతే. చచ్చిపోయాడని కాగితం రాలేదు కాబట్టి వాడు బడికి రానివాడే.

డిసెంబరు మొదటి సోమవారం. కొత్త నెల, కొత్త పేజీ. పట్టీలో పేర్లు మళ్లీ మొదటి నుంచి రాయాలి. మాస్టారు రాత్రి ఇంటి దగ్గర రాసుకొచ్చారు. పద్దెనిమిది. "ప్రెజెంట్ సార్." పంతొమ్మిది.

ఎవరూ పలకరు. మాస్టారు నీ వైపు చూస్తున్నారు. పంతొమ్మిది, మళ్లీ అన్నారు. ఆయన గొంతు బొంగురుగా ఉంది.

అప్పుడు అర్థమవుతుంది. పట్టీలో వాడి పేరు లేదు. వాడి తర్వాతి వాళ్లంతా ఒక్కో మెట్టు పైకి జరిగారు. పంతొమ్మిది ఇప్పుడు నువ్వే. పలకాలా? పలక్కపోతే నీకు ఆబ్సెంట్ పడుతుంది. పలికితే?

"ప్రెజెంట్ సార్."

ఆ నెలంతా, ఆ పైన పరీక్షల దాకా, నువ్వు వాడి నంబరుకే పలుకుతావు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. మాస్టార్లు ఎత్తరు. ఇంట్లో ఎత్తరు. పిల్లవాడు గుర్తుచేసుకుని బెంగపడతాడని భయం. బెంచీలో పక్కచోటు ఖాళీగా ఉంచలేదు, వెనకనుంచి ఇంకొకణ్ని తెచ్చి కూచోబెట్టారు.

ఫిబ్రవరిలో గ్రూప్ ఫోటో. అమలాపురం నుంచి ఫోటోగ్రాఫర్ వచ్చాడు. కుర్చీల్లో మాస్టార్లు, వెనక బల్లల మీద మీరు. మనకి క్లాసు ఫోటో తీసేది పరీక్షల ముందు. ఉప్పెన వచ్చింది నవంబరులో. కాబట్టి వాడు ఏ ఫోటోలోనూ లేడు. వాళ్లింట్లో ఉన్న ఒకటీ అరా ఇంటితోపాటే పోయాయి. వాడి మొహం ఇక రెండుచోట్లే ఉంది. వాళ్లమ్మ తలలో, మీ తలల్లో.

*

2018 జూలై 14, శనివారం. హైదరాబాదులో నీ ఇల్లు. టీవీలో కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. ఐ.పోలవరం మండలం. పశువుల్లంక. చెయ్యి కడుక్కోకుండానే టీవీ ముందుకొస్తావు. గౌతమి పాయలో బడిపిల్లలున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. కొందరు ఈదారు, కొందరిని లాగారు. గల్లంతైనవాళ్లలో ఎక్కువమంది బడి ఆడపిల్లలు. ఒడ్డున తల్లులు. నీళ్లలో వెతికేవాళ్ల బోట్లు.

నీ కూతురు అడుగుతుంది: "నాన్నా, వాళ్ల క్లాసువాళ్లు సోమవారం ఎలా కూచుంటారు?"

నువ్వు జవాబు చెప్పగలవు. ఎలా కూచుంటారో నీకు బాగా తెలుసు. ఒక నంబరు దగ్గర టీచరు ఆగుతారు. పిల్లలు నేల చూస్తారు. ఎవరూ ఏమీ అనరు. అనకపోవడమే మంచిదని పెద్దవాళ్లు అనుకుంటారు. వచ్చే నెల కొత్త పేజీ.

రైలెక్కుతావా? సెలవు ఉందా లేదా? అంతకాలం వెళ్లనివాడివి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తావు? రాజమండ్రిలో దిగుతావు. అమలాపురం బస్సు. అక్కణ్నుంచి ఆటో. అప్పుడు పడవ దాటిన చోట ఇప్పుడు కొంతమేర తారురోడ్డుంది. దారికి రెండుపక్కలా చేపల చెరువులు, మధ్యలో మళ్లీ ఎదిగిన కొబ్బరి.

ఉప్పెన తర్వాత కట్టిన కాలనీ ఇల్లు. గుమ్మంలో ఆవిడ రొయ్య పొట్టు ఎండబెడుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది.

"ఎవరు బాబూ?"

"నేను పిన్నీ. మీ అబ్బాయి పక్కన కూచునేవాణ్ని."

చేట కింద పెట్టింది. నిన్ను కాసేపు ఎగాదిగా చూసింది. వాడు ఇప్పుడుంటే ఎంత మనిషయ్యేవాడో నీ భుజాల మీద కొలుచుకుంటోంది. "కూచో నాయనా."

ఇప్పుడేం చెప్పాలి? ఓదార్చాలా? ఇన్నేళ్ల తర్వాత ఏ మాటతో? ఆవిడే అడుగుతుంది.

"ఇంట్లో వాణ్ని నేను చూశాను. బళ్లో చూళ్లేదు గదా. ఎలా ఉండేవాడు?"

ఈ ప్రశ్నకి నువ్వు సిద్ధంగా లేవు. ఆవిడ వరసగా అడుగుతోంది. మాస్టార్లు కొట్టేవారా? తిరిగి ఏమైనా అనేవాడా? ముందు కూచునేవాడా, వెనకా? కేరేజీ రోజూ నాకినట్టు కాళీగా తెచ్చేవాడు, నిజంగా వాడే తినేవాడా?

"లేదు పిన్నీ. మీ చేపల వేపుడు నేను తినేవాణ్ని. మా అమ్మ పెట్టిన మాగాయన్నం వాడు తినేవాడు. రోజూ మార్చుకునేవాళ్లం."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుంటావు. నవ్వుతోంది. "వెధవ! ఇంకో రెండు ముక్కలెయ్యమని పోరు పెట్టేవాడు. ఇందుకా!"

ఇక ఆగవు. బొగ్గుపొడి సంగతి చెప్తావు. ముడి సంగతి చెప్తావు. శిబిరంలో ఆవిడ ఆనుకుని కూచున్న బెంచీ ఎవరిదో చెప్తావు. ఆ మాటకి ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కిటికీ పక్కదేనా?" అంది. "ఆయ్. గుర్తుంది. గాలొచ్చేది."

ఎండ తిరిగేదాకా అక్కడే ఉంటావు. లేచేటప్పుడు నీకొకటి తేటపడుతుంది. పోయిన పిల్లాడి బతుకు మొత్తం ఏ ఒక్కరి దగ్గరా ఉండదు. ఇంటి సగం తల్లి దగ్గర ఉంటుంది. బడి సగం నీ దగ్గర, నీ క్లాసువాళ్ల దగ్గర. మీరు నోరు విప్పకపోతే ఆ సగం ఆవిడకి ఎప్పటికీ అందదు. ఇన్నాళ్లూ నీ బాధ నీదే అనుకుని దాచుకున్నావు. దాచుకున్నదాంట్లో ఆవిడ వాటా ఉంది.

*

2019 సంక్రాంతి. బడి ఆవరణలో షామియానా. 1996-97 పదో తరగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనం. ఫ్లెక్సీ మీద మీ పాత గ్రూప్ ఫోటో. కువైట్ నుంచి వచ్చినవాడు, మస్కట్ నుంచి వచ్చినవాడు, ఊళ్లోనే ఉండి కొబ్బరి దింపు చేయించేవాడు, అంగన్‌వాడీ టీచరైన ఆమె. మాస్టార్లకి శాలువాలు. ఫ్లెక్సీలో ఓ మూల, చిన్న అక్షరాల్లో, "స్వర్గస్థులైన మిత్రులకు నివాళి". అందులో వాడి పేరు. ఫోటో ఉండాల్సిన చోట పువ్వు బొమ్మ.

ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో వాళ్లమ్మ. నువ్వే తీసుకొచ్చావు.

కార్యక్రమం కాగితంలో మూడో అంశం: రెండు నిమిషాల మౌనం. మైకు పట్టుకున్నవాడు గొంతు సవరించుకుంటున్నాడు. జనం లేచి నిలబడబోతున్నారు. ఇప్పుడే చెయ్యాలి. లేస్తావా? అందరి ముందూ? కాళ్లు బరువెక్కాయి. నడు. మైకు దగ్గరికి నడు.

"మౌనం వద్దురా. ఇరవై రెండేళ్ల నుంచీ మౌనంగానే ఉన్నాం. కూచోండి. వాడి గురించి తలా ఒక ముక్క చెప్పండి. ఏదైనా సరే. పిన్ని వింటుంది."

ఒక్కరూ కదలరు. తప్పు చేశావా? ఆవిడ మొహం చూడటానికి భయమేస్తుంది.

మస్కట్ నుంచి వచ్చినవాడు లేచాడు. "నా సైకిలు చెయిను వాడే ఎక్కించేవాడండి. నాకు రాదు."

"తొమ్మిదో తరగతి కబడ్డీలో కూతకెళ్తే వచ్చేవాడు కాదు, దొరికిపోయేవాడు" అన్నాడు ఇంకొకడు.

"అబద్ధం! ఎడంపక్క నించి జారుకునేవాడు. ఎడమచేతివాటం."

"కుడిచెయ్యే!"

"ఎడమే" అంది ముందు వరసలోంచి ఆవిడ. వాదన ముగిసింది.

అంగన్‌వాడీ టీచరు లేచి, తన రికార్డు పుస్తకంలో గుండె బొమ్మ వాడే వేసిపెట్టాడంది. సైన్సు మాస్టారు ఉలిక్కిపడ్డారు. "అది నువ్వేసింది కాదా? దానికి మార్కులు వేశానే!" షామియానా అంతా గోల. ఒకరు చెప్పేది పూర్తికాకుండానే ఇంకొకరు అందుకుంటున్నారు. నువ్వు ఫోను రికార్డింగులో పెట్టి ఆవిడ కుర్చీ చేతి మీద ఉంచావు. వాడి గొంతు ఎలా ఉండేదో ఒకడు అనుకరించాడు. కాదని నలుగురు లేచారు. నీకు తెలియని వాడు ఒకడు బయటపడుతున్నాడు. దేవుడి ఉత్సవంలో పాట పాడినవాడు. ఫీజు కట్టలేని ఒకడికి తన రొయ్యల డబ్బులు ఇచ్చినవాడు. ఇరవై రెండేళ్ల తర్వాత వాడి గురించి నీకే కొత్త సంగతులు!

"పదో తరగతి పాసయ్యేవాడంటారా?" అని ఆవిడ అడిగింది. అందరూ ఒక్కసారి సర్దుకున్నారు.

"తెలుగు, సోషలు తిరుగులేదండి" అన్నాడు కువైట్ వాడు. "లెక్కల్లోనే..."

"లెక్కల్లో పోయేవాడే" అన్నారెవరో వెనకనుంచి.

నువ్వు ఊరుకుంటావా? "ముప్పై అయిదు ఎలాగైనా కొట్టేవాడు. నా పేపరు చూసైనా!"

లెక్కల మాస్టారు కర్ర ఊతంగా లేచారు. కళ్లజోడు సర్దుకుని, సభ మొత్తాన్నీ అప్పటిలాగే ఒక చూపు చూశారు. "ముప్పై అయిదు నేను వేసేవాణ్నమ్మా. మాటిస్తున్నాను."

ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది. మొహంలో అసంతృప్తి దాచుకోవడం లేదు.

"అంతేనాండీ? ముప్పై అయిదేనా?"

"పోనీ నలభై వేద్దాం."

"రేవు దాటి రోజూ వచ్చేవాడు బాబూ" అందావిడ. "నలభై అయిదు వెయ్యండి."